యోషీ బొమ్మ చూసి క్యాసెట్ కొనేశారా? అయితే ఇట్టా ఆడండి

ముందే చెప్పేస్తున్నా, ఇది గొప్ప గేమేం కాదు. నింటెండో వాళ్ల గేమ్‌బాయ్, అంటే చేతిలో పట్టుకుని ఆడే పాత గేమ్ మెషీన్ మీద వచ్చిన 'యోషీ' అనే పజిల్ గేమ్ గురించి రాస్తున్నా. ఆ పచ్చ డైనోసార్ పిల్ల మొహం చూస్తే ఎవరికైనా ముద్దొస్తుంది, నాకూ వచ్చింది, 1800 రూపాయలు పోసి కొన్నా, రెండు రోజులు ఆడి బీరువాలో పడేశా. మళ్లీ దసరా సెలవులకి కావలి నుంచి మా అక్క కూతురు నెల్లూరొచ్చి, ఆ బీరువా తీసి, "మామా, ఇదేంది, దీన్ని ఎట్ట ఆడాల?" అని అడిగేదాకా దాన్ని ముట్టుకోలేదు. ఆ పిల్లకి నేర్పిస్తూ నేర్పిస్తూ నాకు తెలిసిందేమిటంటే, ఇందులో సరుకు తక్కువే, కానీ ఆ కాస్త సరుకు ఎక్కడుందో తెలిస్తే సెలవులన్నాళ్లూ కాలక్షేపం అయిపోతుంది. తెలియకపోతే మాత్రం అరగంటలో విసుగొస్తుంది.

నేను ఎట్టా పడ్డానో కూడా చెప్తా, మీరు పడకుండా ఉంటారు. చిన్నప్పుడు మా చిన్నాన్న కువైట్ నుంచి ఒక బూడిద రంగు గేమ్‌బాయ్ తెచ్చాడు, అందులో టెట్రిస్ క్యాసెట్ ఒక్కటే ఉండేది. మూలాపేటలో మా ఇంటి అరుగు మీద వీధిలో పిలకాయలందరం లైను కట్టి, ఒకడు ఓడిపోతే ఇంకొకడు తీసుకునేట్టు ఆడేవాళ్లం, ఆ ఒక్క క్యాసెట్‌తో రెండు వేసవి సెలవులు గడిచిపోయాయి. ఆ జ్ఞాపకం మీదే మొన్న పని మీద చెన్నై పోయినప్పుడు పాత సామాన్లు అమ్మే ఒక కొట్లో ఈ యోషీ కనపడితే చేతిలోకి తీసుకున్నా. కొట్టాయన "టెట్రిస్ లాంటిదే సార్, అంతకంటే బాగుంటది" అన్నాడు. "లాంటిదే" అన్న ఆ ఒక్క మాటకి పడిపోయా. పైనుంచి ఏదో పడుతుంది, కింద మనం సర్దుతాం, అంతవరకే పోలిక.

సరే, కొన్నారనే అనుకుందాం. ఇక ఆట.

తెర మీద నాలుగే నాలుగు దొంతరలు ఉంటాయి. కింద నింటెండో ఆటల హీరో మారియో నిలబడి, పక్కపక్కనున్న రెండు దొంతరల పళ్లాలు రెండు చేతుల్తో పట్టుకుని ఉంటాడు, పెళ్లిలో వడ్డించేవాడి లాగా. పైనుంచి మామూలుగా రెండేసి బొమ్మలు దిగుతుంటాయి. టెట్రిస్ ఆడిన చేతులు ఇక్కడే తడబడతాయి, ఎందుకంటే దిగే బొమ్మని మనం కదిలించలేం. అది ఏ వరసలో బయలుదేరిందో ఆ వరసలోనే పడుతుంది. మనం మార్చగలిగేది కింద ఉన్న దొంతరల్ని మాత్రమే. ఎడమ, కుడి నొక్కితే మారియో జరుగుతాడు, A బటన్ గానీ B బటన్ గానీ నొక్కితే అతని చేతుల్లో ఉన్న రెండు దొంతరలూ మొత్తానికి మొత్తం తారుమారవుతాయి. కింది బాణం నొక్కి పట్టుకుంటే బొమ్మలు గబగబా దిగుతాయి. నేను మొదటి రోజు ఒక గంట సేపు దిగే బొమ్మనే పక్కకి నెట్టాలని చూస్తూ, క్యాసెట్ పాడైందేమో అనుకున్నా. మా పిల్లకి టెట్రిస్ తెలియదు కాబట్టి ఐదు నిమిషాల్లో పట్టేసింది.

దిగే బొమ్మలు నాలుగు రకాల శత్రువులు. మారియో ఆటలు ఆడినవాళ్లకి పేర్లు తెలుసు, గూంబా, బూ, పిరానా ప్లాంట్, బ్లూపర్. మా పిల్ల పెట్టిన పేర్లయితే పుట్టగొడుగు, దెయ్యం, నోరున్న పువ్వు, స్క్విడ్. పాత గేమ్‌బాయ్‌లో రంగులుండవు, నాలుగు ఛాయలే, కాబట్టి ఆకారం చూసి గుర్తుపట్టడం అలవాటు చేసుకోవాలి, మొదట్లో దెయ్యానికీ స్క్విడ్‌కీ పొరబడతారు, రెండూ తెల్లగా ఉంటాయి. ఒక దొంతర పైన ఏ బొమ్మ ఉందో అదే బొమ్మ దాని మీద పడితే రెండూ మాయమైపోతాయి. వేరేది పడితే దొంతర పెరుగుతుంది. ఏ దొంతరైనా పైగీత దాటిందా, ఆట అయిపోయినట్టే.

ఇంతవరకైతే దీనికి పజిల్ అన్న పేరు కూడా దండగ. అసలు ఉన్న సరుకంతా గుడ్డు పెంకుల్లో ఉంది. శత్రువులతో పాటు అప్పుడప్పుడు కింది పెంకు, పై పెంకు కూడా దిగుతాయి. కింది పెంకు ఒక దొంతర మీద పడి కూర్చుంటుంది. తర్వాత దాని మీద ఏవేవో పడతాయి. ఎప్పుడో ఒక పై పెంకు వచ్చి అదే దొంతర మీద పడితే, రెండు పెంకుల మధ్య ఉన్నవన్నీ నలిగిపోయి గుడ్డు మూసుకుని, అందులోంచి యోషీ పుడతాడు. మధ్యలో ఎన్ని ఎక్కువ ఉంటే అంత పెద్ద యోషీ, అన్ని ఎక్కువ పాయింట్లు. కింది పెంకు లేని దొంతర మీద పై పెంకు పడితే అది ఊరికే మాయమైపోతుంది, మనకి నష్టమూ లేదు, లాభమూ లేదు.

ఇప్పుడు ఎట్టా ఆడాలో చెప్తా. కింది పెంకు పడగానే ఆ దొంతరని మనసులో "గుడ్డు దొంతర" అని గుర్తుపెట్టుకోండి. మిగతా మూడూ జతలు కలపడానికి. పైనుంచి ఏ బొమ్మ దిగినా మొదట చూడాల్సింది, ఈ మూడింటిలో దేని పైనైనా అదే బొమ్మ ఉందా అని. ఉంటే ఆ దొంతరని దాని కిందకి తెచ్చి మాయం చేయండి. లేకపోతే, అంటే ఎవరికీ పనికిరాని బొమ్మ అయితే, గుడ్డు దొంతర మీదకి తోసేయండి. అక్కడ ఎన్ని పేరుకుంటే అంత మంచిది, చివర్లో అన్నీ ఒకేసారి పోతాయి. ఇంట్లో పనికిరాని సామానంతా అటక మీద పడేసి పండగ ముందు ఒకేసారి దులుపుకుంటాం చూడండి, అదే లెక్క. ఒక్క జాగ్రత్త, గుడ్డు దొంతర మీద వరుసగా ఒకే బొమ్మ రెండుసార్లు పడితే అక్కడ కూడా జత మాయమైపోతుంది, గుడ్డు చిక్కిపోతుంది. కాబట్టి అక్కడికి రకరకాలవి పంపండి.

రెండు బొమ్మలు ఒకేసారి దిగుతుంటాయి కాబట్టి ఒకదానికి జత కుదిరిస్తే ఇంకోదానికి కుదరని పరిస్థితి తరచూ వస్తుంది. అప్పుడు ఏ దొంతర ఎత్తుగా ఉందో దానికే ముందు జత కలపండి, రెండోది ఎక్కడ పడితే అక్కడ పడనివ్వండి. రెండిటినీ కాపాడాలని ఆఖరి నిమిషంలో అటూ ఇటూ తిప్పితే రెండూ పోతాయి, ఇది నేను పదుల సార్లు చేసి చూశా.

ఇక అసలు చేతి పని. పక్కపక్క దొంతరలే మారతాయి గనుక ఈ మూలనున్న దొంతరని ఆ మూలకి తీసుకుపోవాలంటే మూడు మార్పులు కావాలి. ఎడమ చివర గుడ్డు దొంతర ఉంది, పై పెంకు కుడి చివర దిగుతోంది అనుకోండి. మారియో ఎడమ చివర ఉంటే నొక్కాల్సింది ఇంతే: బటన్, కుడి, బటన్, కుడి, బటన్. ఐదు నొక్కులు. ఇట్టా చేస్తే గుడ్డు దొంతర కుడి చివరికి పోతుంది, మిగతా మూడూ వాటి వరస చెడకుండా ఒక్కో గడి ఎడమకి జరుగుతాయి. ఈ "వరస చెడకుండా" అన్నది ముఖ్యం, ఎందుకంటే పై పెంకుతో పాటు దిగుతున్న రెండో బొమ్మ కింద ఇప్పుడు ఏ దొంతర ఉంటుందో ముందే లెక్క వేసుకోవచ్చు, ఇంతకుముందు దాని కుడి పక్కన ఉన్నదే దాని కిందకి వస్తుంది. ఇదొక్కటి వేళ్లకి అలవాటయ్యేదాకా, కళ్లు తెర మీద ఉన్నా వేళ్లు వాటంతట అవే బటన్, కుడి, బటన్, కుడి, బటన్ కొట్టేదాకా, మెల్లటి స్పీడ్‌లోనే ఆడండి. మా పిల్ల ఈ ఐదు నొక్కుల్నీ "తకిట తక" అని నోటితో అంటూ నేర్చుకుంది, వాళ్లమ్మ ఫోన్ చేసినప్పుడు కూడా అదే గొణుగుతోంది.

మొదట్లో మారియోని మధ్యలో నిలబెట్టి ఉంచండి. అతను నిలబడగలిగే చోట్లు మూడే, మధ్యలో ఉంటే ఏ పక్కకైనా ఒక్క అడుగే. ప్రతి సర్దుబాటు అయ్యాక మళ్లీ మధ్యకి తెచ్చేయండి, షటిల్ ఆడేవాళ్లు ప్రతి షాట్ తర్వాత కోర్టు మధ్యకి వస్తారు కదా, అట్ట.

గుడ్డు ఎప్పుడు మూయాలి అన్నదే ఈ గేమ్‌లో నిజంగా ఆలోచించాల్సిన ఒకే ఒక ప్రశ్న. గుడ్డు దొంతర తెరలో సగం కన్నా తక్కువ ఎత్తులో ఉన్నప్పుడు పై పెంకు వస్తే, దాన్ని వేరే దొంతర మీద పడేసి వృథా చేయండి, పర్లేదు. సగం దాటిందా, ఇక ఆశపడకుండా మొదట వచ్చిన పై పెంకుతోనే మూసేయండి. ఎందుకంటే తర్వాతి పై పెంకు ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు. నా మంచి ఆటలన్నీ ఇంకొక్కటి పేరుద్దాం, ఇంకొక్కటి అంటూ ఆగినచోటే మునిగిపోయాయి.

మెనూలో ఏ (A) రకం, బీ (B) రకం అని రెండు ఆటలుంటాయి. ఏ రకం అంతులేనిది, ఆడుతూ పోవడమే. బీ రకంలో ముందే కొన్ని బొమ్మలు పేర్చి ఇస్తాడు, అన్నిటినీ ఖాళీ చేస్తే గెలిచినట్టు. నన్నడిగితే బీ రకమే ఆడండి. బస్సు కోసం ఆత్మకూరు బస్టాండ్‌లో నిలబడ్డ పది నిమిషాల్లో ఒక మొదలూ ఒక ముగింపూ దొరుకుతాయి. ఏ రకం ఇరవై నిమిషాలు దాటితే ఆవులింతలొస్తాయి. ఎందుకొస్తాయో కూడా చెప్పాలి, ఊరికే బాలేదంటే సరిపోదు కదా.

పజిల్ గేమ్‌లో మజా అంతా మనం ముందే వేసిన ప్లాన్ పేలినప్పుడు ఉంటుంది. టెట్రిస్‌లో పక్కన ఒక సందు వదిలిపెట్టి, నిలువు కడ్డీ వచ్చినప్పుడు నాలుగు వరసలూ ఒకేసారి లేపేస్తాం. యోషీ వచ్చిన 1991లోనే జపాన్‌లో పుయో పుయో కూడా వచ్చింది, అందులో ఒక గుంపు మాయమైతే పైవి జారి ఇంకో గుంపు కలిసి, అది మాయమై ఇంకోటి, అట్టా గొలుసుకట్టుగా పోతుంది. యోషీలో గొలుసే లేదు. జత పోయాక పైన జారడానికి ఏమీ మిగలదు, పక్క దొంతరలతో సంబంధమే లేదు. ఉన్న ఒక్క పెద్ద దెబ్బ గుడ్డు, దానికి కావాల్సిన పెంకు అదృష్టం మీద ఆధారపడి వస్తుంది. అంటే మనం ఎంత నేర్చుకున్నా ఒక హద్దు దాటాక ఆట మనతో పాటు ఎదగదు. పైన పటారం లోన లొటారం అంటారే, అట్టాగన్నమాట. చిత్రమేమిటంటే దీన్ని తయారుచేసింది గేమ్ ఫ్రీక్ వాళ్లు, ఐదేళ్ల తర్వాత 1996లో పోకేమాన్ తీసుకొచ్చింది కూడా వాళ్లే. మొదట్లో అందరూ ఇట్టాంటివి చేసే పైకొస్తారేమో.

కాబట్టి ఎక్కువసేపు ఆడకుండా పందెం పెట్టుకుని ఆడటం ఒక్కటే దీన్ని బతికించే దారి. మేము పెట్టుకున్న లెక్క ఇది: ఒక్కొక్కరికి పదే నిమిషాలు, పాయింట్లు కాదు, ఎంత పెద్ద యోషీ పుట్టాడన్నదే లెక్క. ఓడినవాళ్లు సాయంత్రం కారం దోశ తేవాలి. స్విచ్ ఆపితే స్కోరు పోతుంది, లోపల సేవ్ చేసుకునే ఏర్పాటు లేదు, అందుకని మా పిల్ల గోడకున్న క్యాలెండర్‌లో తిథి నక్షత్రాల పక్కనే పెన్సిల్‌తో రాసింది. ఏకాదశి నాడు నేను ఓడిపోయిన సంగతి ఇప్పటికీ అక్కడే ఉంది. రెండు మెషీన్లు, రెండు క్యాసెట్లు, మధ్యలో లింక్ కేబుల్ ఉంటే ఎదురెదురుగా ఆడొచ్చు, అప్పుడు సంగతి వేరు, కానీ ఒకటి కొన్నందుకే ఏడుస్తుంటే రెండోది ఎవరు కొంటారు.

మెషీన్ సంగతి కూడా రెండు మాటలు, మన ఊళ్లలో ఇది అవసరం. పాత గేమ్‌బాయ్ తెరకి లైటు ఉండదు. కిటికీ పక్కన కూర్చుని వెలుతురు భుజం మీదుగా పడేట్టు చూసుకోండి, ఎడమ పక్కనున్న చిన్న చక్రం తిప్పితే తెర ముదురు, లేత మారుతుంది, కుడి పక్కది సౌండ్. ఆన్ చేయగానే నింటెండో అన్న పేరు పైనుంచి దిగాలి. ఆ పేరు బదులు నల్లటి పట్టీ గానీ పిచ్చిగీతలు గానీ వచ్చి ఆగిపోతే క్యాసెట్ పోయిందని కంగారుపడొద్దు, చాలాసార్లు అది లోపలి కాంటాక్టుల మీద మురికి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఈ మురికి మరీ ఎక్కువ. నోటితో ఊదొద్దు, మనమందరం చిన్నప్పుడు ఊదిన బాపతే, కానీ ఊపిరిలో తేమ ఆ లోహాన్ని ఇంకా తినేస్తుంది. చెవుల్లో పెట్టుకునే దూది పుల్లని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, బంగారు రంగు కాంటాక్టుల మీద మెల్లగా రుద్ది, పూర్తిగా ఆరాక పెట్టండి.

బ్యాటరీ గదిలో తెల్లటి పొడి పేరుకుని ఉంటే అది ఆల్కలైన్ బ్యాటరీ కారిన క్షారం. దానికి వెనిగర్ వాడతారు, నేను మాత్రం నిమ్మకాయ వాడా, నిమ్మకాయలకి పేరున్న పొదలకూరు, గూడూరు పక్కనే పెట్టుకుని వెనిగర్ కోసం సూపర్ మార్కెట్‌కి పోవడమేంది. దూది పుల్లకి రెండు చుక్కలు పట్టించి రుద్దితే పొడి కరుగుతుంది. అయితే నిమ్మరసాన్ని అట్టాగే వదిలేస్తే అది కూడా స్ప్రింగుల్ని తింటుంది, వెంటనే ఆల్కహాల్‌తో తుడిచేయండి. నేను మొదటిసారి తుడవడం మర్చిపోయి ఒక స్ప్రింగు పాడుచేసుకున్నా.

ఇక ఇంకా కొననివాళ్ల కోసం. ఈ గేమ్‌కి మూడు పేర్లున్నాయి, అమెరికాలో యోషీ, జపాన్‌లో యోషీ నో తమాగో, అంటే యోషీ గుడ్డు అని, యూరప్‌లో మారియో అండ్ యోషీ. మూడూ ఒకటే, పేరు మారిందని ఇంకోటి కొనకండి. అసలుదా నకలుదా తేల్చుకోవాలంటే వెనక స్క్రూ చూడండి, అసలు క్యాసెట్లకి మామూలు ప్లస్ స్క్రూ ఉండదు, దానికంటూ వేరే బిట్ కావాలి. తర్వాత వచ్చిన నింటెండో డీఎస్ మెషీన్‌లో ఇవి పట్టవు, గేమ్‌బాయ్, గేమ్‌బాయ్ కలర్, గేమ్‌బాయ్ అడ్వాన్స్‌లో పడతాయి. అడ్వాన్స్ ఎస్పీ దొరికితే మరీ మంచిది, తెరకి లైటూ ఉంది, ఛార్జింగూ ఉంది.

యోషీ మొహమే కావాలి, ఆట కూడా బాగుండాలి అంటే దానికో దారుంది. 1996లో టెట్రిస్ అటాక్ అని ఒకటొచ్చింది, పేరులో టెట్రిస్ ఉన్నా దానికీ టెట్రిస్‌కీ సంబంధం లేదు. అది అసలు జపాన్‌లో 1995లో వచ్చిన పనెల్ దె పోన్, అందులో ఉన్న దేవకన్యల బొమ్మలు తీసేసి, బయటి దేశాల కోసం యోషీ బొమ్మలు అతికించారు. పక్కపక్క గడుల్ని మార్చడం, మూడు కలిపితే పోవడం, పైవి జారి గొలుసు కట్టడం, యోషీలో లేనిదంతా అందులో ఉంది. గేమ్‌బాయ్ మీద కూడా వచ్చింది. జపాన్ క్యాసెట్ దొరికితే పేరు యోషీ నో పనెపోన్ అని ఉంటుంది, గేమ్‌బాయ్‌కి దేశాల తాళం లేదు కాబట్టి ఎక్కడిదైనా ఆడుతుంది. మొహం అదే, లోపల ఆట వేరు. అందుకే ఏ బొమ్మ గేమ్ కొనేముందైనా ఫోన్‌లో ఎవరైనా ఆడిన వీడియో ఒక రెండు నిమిషాలు చూడండి. ఆడేవాడు ఒక్కసారైనా కావాలని ఆగి, దేనికోసమో కాచుకుని, ఒకేసారి కొట్టడం కనపడిందా లేదా చూడండి. వీడియో మొత్తం వచ్చింది వచ్చినట్టు సర్దుకోవడమే కనపడితే వదిలేయండి.

సెలవులైపోయి పిల్ల కావలి పోయేరోజు మెషీన్ అడిగింది, ఇచ్చేశా. మీరు కూడా ఎవరికైనా ఇచ్చినా, బీరువాలో పెట్టినా, ముందు బ్యాటరీలు తీసేయండి, లోపలుంచితే మళ్లీ కారతాయి. గేమ్‌బాయ్‌కి చాలకుండా పోయిన ఆ నాలుగు పెన్సిల్ సెల్స్‌నీ పారేయొద్దు, గోడ గడియారానికి ఇంకా కొన్నాళ్లు సరిపోతాయి.